ఆర్డర్ ఎక్కడ మొదలవుతుంది?

దసరా ముందు ఏ ఊళ్లో రంగుల కొట్టుకు వెళ్లినా సందడే. ఇంటాయన షేడ్ కార్డు తిరగేస్తుంటాడు. పక్కనున్న భార్య "అది కాదండీ, దాని పక్కది" అంటుంటుంది. పెయింటర్ ఎన్ని లీటర్లు పడతాయో వేళ్ల మీద లెక్క కడుతుంటాడు. రంగు ఖాయమయ్యాక కొట్టు కుర్రాడు దాని నంబరు కంప్యూటర్లో కొట్టి, లోపలి నుంచి ఒక తెల్ల డబ్బా తెచ్చి, మూత తీసి మిషన్ కింద పెడతాడు. సన్నటి గొట్టాల్లోంచి కాస్త పసుపు, రెండు చుక్కల నలుపు, ఇంకొంచెం ఎరుపు పడతాయి. డబ్బాను ఇంకో మిషన్లో బిగించి గడగడా కుదిపితే, కొద్ది నిమిషాల్లో గోడకు కావలసిన రంగు సిద్ధం.

పూర్వం ఇదే కొట్టు వేరుగా ఉండేది. రంగులన్నీ ఫ్యాక్టరీలోనే కలిపి డబ్బాల్లో నింపి పంపేవారు. షేడ్ కార్డులో రెండు వేల రంగులున్నాయనుకుందాం. ఒక్కో రంగునూ ఒకటి, నాలుగు, పది, ఇరవై లీటర్ల డబ్బాల్లో ఉంచాలంటే ఎనిమిది వేల రకాల డబ్బాలు పెట్టాలి. అంత చోటు, అంత పెట్టుబడి ఏ కొట్టుకుంటాయి? అందుకే కొట్టు యజమాని పోతాయనుకున్న కొన్ని రంగులే తెచ్చుకునేవాడు. పోనివి అటక మీద గడ్డకట్టేవి. కొనేవాళ్లు మనసులో ఉన్న రంగు దొరక్క, ఉన్నదానితోనే సరిపెట్టుకునేవారు. మిషన్ వచ్చాక లెక్క మారింది. నాలుగు రకాల బేస్‌లు (రంగు కలపక ముందున్న మూల పెయింట్లు) నాలుగు సైజుల్లో, అంటే పదహారు రకాల డబ్బాలు, వాటికి తోడు ఓ డజను పైచిలుకు రంగు ద్రావణాలు ఉంటే చాలు. రెండు వేల రంగులూ కొట్టులో ఉన్నట్టే.

ఇందులో రంగు కలపడమనే పని కొత్తగా పుట్టలేదు. అది ఫ్యాక్టరీ నుంచి కొట్టులోకి వచ్చింది, అంతే. అంతకన్నా ముఖ్యం, కొనేవాడు రాకముందు జరిగే పని కాస్తా వచ్చాక జరిగే పనైంది. సప్లై చైన్ గురించి చదువుకునేవాళ్లు మొదట నేర్చుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. సరుకు ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోందన్నది లారీ డ్రైవరు కూడా చెబుతాడు. ఆ దారిలో ఏ పని ఎవరో అడిగితే జరుగుతోంది, ఏ పని ఎవరూ అడక్కుండానే జరుగుతోంది అన్నది మాత్రం పైకి కనపడదు.

మేనేజ్‌మెంట్ కళాశాలల్లో ఈ విషయాన్ని రెండు రకాల చూపులతో చెబుతారు. వాటిని ఎక్కువగా వాడుకలోకి తెచ్చింది సునీల్ చోప్రా, పీటర్ మెయిండల్ కలిసి రాసిన పాఠ్యపుస్తకం. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన కెలాగ్ స్కూల్లో చోప్రా ఆచార్యులు. ఆ రెండు చూపుల్లో ఒకటి సైకిల్ వ్యూ, రెండోది పుష్–పుల్ వ్యూ. గొలుసు ఒకటే అయినా, దాన్ని ముక్కలుగా కోసే తీరు వేరు.

సైకిల్ వ్యూలో సరఫరా గొలుసును ఇద్దరేసి మనుషుల మధ్య జరిగే బేరాలుగా విడదీస్తారు. రంగుల సంగతే తీసుకుంటే ఇంటాయనకూ కొట్టుకూ మధ్య ఒక బేరం, కొట్టుకూ కంపెనీ డిపోకూ మధ్య ఒకటి, డిపోకూ ఫ్యాక్టరీకీ మధ్య ఇంకొకటి, ఫ్యాక్టరీకీ దానికి టైటానియం డయాక్సైడ్, రసాయనాలు అమ్మేవాళ్లకూ మధ్య నాలుగోది. ప్రతి బేరంలోనూ వరస ఒకటే. అమ్మేవాడు తన దగ్గర ఏముందో చెబుతాడు, కొనేవాడు ఆర్డర్ పెడతాడు, అమ్మేవాడు రాసుకుంటాడు, పంపుతాడు, కొనేవాడు దించుకుంటాడు, పగిలిందో మిగిలిందో ఉంటే వెనక్కి పంపుతాడు. మళ్లీ మొదటికి. అందుకే దీనికి సైకిల్ అని పేరు.

వరస ఒకటే అయినా బేరాల తీరు ఒకటి కాదు. ఇంటాయన ఏ రోజు వస్తాడో, రెండు డబ్బాలు కొంటాడో ఇరవై కొంటాడో కొట్టువాడికి తెలియదు. అదే డిపో ఫ్యాక్టరీకి పెట్టే ఆర్డర్ లారీ లోడ్ల లెక్కన, ఒక పద్ధతి ప్రకారం పోతుంది. కొనుగోలుదారు నుంచి వెనక్కి పోయేకొద్దీ ఆర్డర్ల సంఖ్య తగ్గుతుంది, ఒక్కో ఆర్డర్ సైజు పెరుగుతుంది. ఈ చూపు వల్ల వచ్చే లాభం నిత్య వ్యవహారంలో తెలుస్తుంది. సరుకు ఆలస్యమైతే కొట్టువాడు డిపోను అంటాడు, డిపో ఫ్యాక్టరీని అంటుంది. ఏ సైకిల్‌లో ఏ మెట్టు ఎవరిదో ముందే రాసిపెట్టుకుంటే ఆ మాటల యుద్ధం తగ్గుతుంది. కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మొదట ఇలాంటి బొమ్మే గీసుకుంటారు. హైదరాబాద్ హైటెక్ సిటీలో, న్యూజెర్సీలో ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ పనులు చేసే తెలుగువాళ్లలో చాలామంది రోజూ చూసేది ఈ సైకిళ్లనే. పేరు మాత్రం పర్చేజ్ ఆర్డర్ అనో, గూడ్స్ రిసీట్ అనో ఉంటుంది.

రెండో చూపుకు ఈ బేరాలతో పని లేదు. అది ప్రతి పనినీ ఒకే ప్రశ్న అడుగుతుంది: చివరి కొనుగోలుదారు అడిగాక నువ్వు జరిగావా, అడక్కముందే జరిగావా? అడక్కముందే, అంచనా మీద జరిగేవి పుష్ పనులు. అడిగాక కదిలేవి పుల్ పనులు. టిఫిన్ సెంటర్లో పిండి రాత్రే రుబ్బుతారు; అది పుష్. దోసె మాత్రం "ఒక మసాలా" అన్న కేక వినపడ్డాకే పెనం మీద పడుతుంది, అది పుల్. రెండింటికీ మధ్యనున్న గీత పిండి గిన్నె దగ్గరుంది. ఆ గీత జరిగితే వ్యాపారమే మారిపోతుంది. దోసెలు కూడా పొద్దున్నే వేసి పెట్టేస్తే ఎవరూ తినరు. పప్పు కూడా అడిగాకే నానబోస్తే తినడానికి రేపు రావాలి.

గీత ఎక్కడ గీయాలన్నదే అసలు కథ. గీతకు అవతల, పుష్ వైపు ఉన్నవాళ్లు ఊహ మీద బతుకుతారు. ఊహ తప్పితే సరుకు మిగులుతుంది, లేదా చాలకుండా పోతుంది. రెండూ డబ్బు పోగొట్టేవే. గీతకు ఇవతల, పుల్ వైపు ఉన్నవాళ్లకు ఆర్డర్ చేతిలో ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. కానీ కొనేవాడు కళ్లెదుటే నిలబడి ఉంటాడు గనక పని త్వరగా చేయాలన్న తొందర ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఈ పాఠం సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. వాటిలో అంతగా కనపడని ఇంకో ప్రశ్న ఉంది: ఆ గీతను గీసే అధికారం ఎవరిది, ఊహ తప్పినప్పుడు నష్టం ఎవరిది? ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండడం అరుదు.

రంగుల కొట్టులో గీత జరగడం వల్ల అంతా బాగుపడింది కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. తెనాలిలో ఈ దసరాకు ఫలానా లేత ఆకుపచ్చ ఎన్ని లీటర్లు పోతుందో ఎవరూ చెప్పలేరు. అన్ని రంగులూ కలిపి ఎన్ని లీటర్లు పోతాయో మాత్రం పాత లెక్కలు చూసి దగ్గరగా చెప్పవచ్చు. ఒక రంగు తక్కువ పోతే ఇంకొకటి ఎక్కువ పోయి మొత్తంలో హెచ్చుతగ్గులు కొట్టుకుపోతాయి. ఆ నాలుగు బేస్‌లే అన్ని రంగులకూ తల్లులు కాబట్టి వాటి అంచనా పెద్దగా తప్పదు. అంటే ఊహ అవసరం పోలేదు, తేలికైన ఊహ మిగిలింది. 1942లో ముంబైలో నలుగురు మిత్రులు మొదలుపెట్టిన ఏషియన్ పెయింట్స్ ఈ ఊహను ఒక శాస్త్రంగా మార్చుకుంది. టోకు వర్తకులను పక్కనబెట్టి నేరుగా కొట్లకే అమ్మడం, ఏ ఊళ్లో ఏ డబ్బా ఎంత పోతోందో లెక్కలు రాసిపెట్టడం, ఆ లెక్కల కోసం 1970లలోనే కంప్యూటర్ కొనడం ఆ కంపెనీ గురించి చెప్పుకునే కథలు. పటాన్‌చెరులో దానికి ఎప్పటినుంచో ఫ్యాక్టరీ ఉంది. 2019లో విశాఖ దగ్గర మొదలైన ఫ్యాక్టరీకి తొలి దశలోనే ఏడాదికి 3 లక్షల కిలోలీటర్ల సామర్థ్యం. అక్కణ్నుంచి బయల్దేరే లారీల్లో ఎక్కువ భాగం బేస్ డబ్బాలే అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇదే ఎత్తును బట్టల్లో వేసినవాళ్లు ఇటలీలోని బెనెటన్ కుటుంబం. స్వెట్టర్ చేయడానికి మామూలు వరస, నూలుకు రంగు అద్ది తర్వాత అల్లడం. అల్లడానికి పట్టే కాలమే ఎక్కువ. సీజను మొదలవడానికి నెలల ముందే ఏ రంగులు ఎన్నో తేల్చేయాలి. జనం ఆ ఏడాది ఎరుపు అడిగితే గోదాంలో నీలం పేరుకుపోయేది. బెనెటన్ వరసను తిరగేసింది. ముందు రంగులేని నూలుతో స్వెట్టర్ అల్లి ఉంచి, కొట్లలో ఏ రంగు పోతోందో చూసి అప్పుడు అద్దేవారు. అల్లిన బట్టకు అద్దడం నూలుకు అద్దడం కన్నా ఖర్చే. అయినా మిగిలిపోయే సరుకు తగ్గడంతో ఆ ఖర్చు గిట్టుబాటైంది. ఈ పద్ధతికి పోస్ట్‌పోన్‌మెంట్ అని పేరు పెట్టారు. తేడా చూపించే పనిని ఎంత ఆలస్యంగా చేయగలిగితే అంత మంచిదన్నది దాని సారం.

అయితే అన్ని సరుకులకూ ఈ ఎత్తు పనికిరాదు. అందుకు పోచంపల్లి కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక్కత్ చీరలో డిజైను మగ్గం మీద పుట్టదు. దానికి ముందే, నూలుపోగుల మీద పుడుతుంది. పోగులను కట్టలుగా లాగి, రంగు అంటకూడని చోట బిగించి కట్టి, అద్ది, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. తర్వాతే పడుగూ పేకా మగ్గం ఎక్కుతాయి. అంటే ఆ చీరలో ఏ పువ్వు, ఏ రంగు, ఎక్కడ అన్నది మొదటి ముడి వేసిన రోజే తేలిపోతుంది. బెనెటన్ చివరిదాకా వాయిదా వేసిన నిర్ణయాన్ని పోచంపల్లి నేతగాడు మొట్టమొదటే తీసుకోవలసి వస్తుంది. ఆ చీర అందం అంతా ఆ వరసలోనే ఉంది గనక దాన్ని తిరగేయడం కుదరదు. అదే కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ పనివాళ్ల సంగతి వేరు. వాళ్ల దగ్గర ముందు బట్ట ఉంటుంది, కరక్కాయ నీళ్లలో నానబెట్టి సిద్ధం చేస్తారు, చెక్క అచ్చులు అటక మీదుంటాయి. ఏ అచ్చు వేయాలో వర్తకుడి కబురు వచ్చాక తేల్చుకోవచ్చు. రెండూ మన చేతిపనులే, రెండింటికీ పేరుంది. ఊహ బరువు మాత్రం పోచంపల్లిలోనే ఎక్కువ.

వరస మార్చలేనప్పుడు మిగిలేది ఒకటే దారి, పని కాలాన్ని తగ్గించడం. చీర పూర్తయ్యే రోజులు తగ్గేకొద్దీ అంచనా వేయవలసిన దూరం కూడా తగ్గుతుంది. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం చేసిన ఆసు యంత్రాన్ని ఈ కోణంలో ఎవరూ పెద్దగా చూడలేదు. ఆసు పోయడమంటే నూలుపోగును మేకుల చుట్టూ అటూ ఇటూ వేల సార్లు చేత్తో తిప్పడం. ఒక్క చీరకు నాలుగైదు గంటల పని, ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం 1999లో యంత్రాన్ని ఒక కొలిక్కి తెచ్చారు. ఆ పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది. తల్లి కష్టం తీరడమే ఆ కథలో పెద్ద విషయం, అందులో అనుమానం లేదు. దాంతోపాటు ఒక చీరకు డిజైను అనుకోవడానికీ, అది చేతికి రావడానికీ మధ్య దూరం కూడా కాస్త తగ్గింది.

పుస్తకాల ప్రచురణలోనూ ఊహను తగ్గించే ఇలాంటి మార్పే నడుస్తోంది. తెలుగులో కథల సంపుటి అంటే అయిదొందలో వెయ్యో కాపీలు అచ్చు వేయడం, ఇంట్లో మంచం కింద కట్టలు పేర్చుకోవడం రచయితలకు అలవాటు. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌తో యాభై కాపీలు వేసి, అవి పోయాక ఇంకో యాభై వేసుకుంటున్నారు. కాపీ ఖరీదు కొంచెం పెరిగినా, మంచం కింద చోటు మిగులుతోంది.

గీతను అందరికన్నా సాహసంగా జరిపినవాడిగా ప్రపంచం చెప్పుకునేది మైకేల్ డెల్‌ను. 1984లో టెక్సాస్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో వెయ్యి డాలర్లతో మొదలుపెట్టిన వ్యాపారం అది. మిగతా కంపెనీలు కంప్యూటర్లు చేసి కొట్లకు పంపి, ఎవరు కొంటారా అని చూస్తుంటే, డెల్ ఫోన్లోనూ ఆ తర్వాత ఇంటర్నెట్లోనూ ఆర్డర్ తీసుకుని, డబ్బు అందాక బిగించడం మొదలుపెట్టింది. మధ్యలో కొట్టు లేదు, గోదాం లేదు. సైకిల్ వ్యూలో చూస్తే రెండు బేరాలు కలిసి ఒక్కటయ్యాయి. 1990ల చివరికి కంపెనీ దగ్గర ఎనిమిది రోజులకు సరిపడా సరుకే ఉండేది. చిప్పుల ధర వారం వారం పడిపోయే వ్యాపారంలో తక్కువ నిల్వ అంటే లాభమే. కొన్నవాడు ముందే డబ్బు కట్టేవాడు, విడిభాగాలు ఇచ్చినవాళ్లకు డెల్ ఆ తర్వాత ఎప్పటికో చెల్లించేది.

ఇంతకీ ఊహ పోయిందా? లేదు. ఆర్డర్ రాగానే బిగించాలంటే మదర్‌బోర్డులు, డిస్కులు, తెరలు చేతికందే దూరంలో ఉండాలి కదా. వాటిని డెల్ ఫ్యాక్టరీ పక్క గోదాముల్లో పేర్చి ఉంచింది సరఫరాదారులు. ఫ్యాక్టరీ గేటు దాటేదాకా ఆ సరుకు వాళ్లదే. ధర పడితే నష్టం వాళ్లదే. డెల్ పుస్తకాల్లో ఎనిమిది రోజుల నిల్వ అని ఉన్నచోట ఇంకొకరి పుస్తకాల్లో వారాల నిల్వ ఉంది. కంపెనీని పొగిడినవాళ్లు ఈ రెండో పుస్తకం తెరవడం తక్కువ. ఆ తర్వాత జనం బల్ల మీది కంప్యూటర్లు వదిలి ల్యాప్‌టాప్‌ల మీద పడ్డారు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా బిగించే అవసరం తగ్గింది, కొట్లో చూసి చేత్తో పట్టుకుని కొనాలన్న కోరిక పెరిగింది. 2007లో డెల్ కూడా వాల్‌మార్ట్‌లో కంప్యూటర్లు పెట్టింది. ఒకప్పుడు కొట్టు వద్దన్న కంపెనీ గీతను మళ్లీ కొనేవాడి వైపుకు జరిపింది.

ఊహ మీద నడిచే భాగం పొడుగయ్యేకొద్దీ ఇంకో జబ్బు పుడుతుంది. 1950ల చివర్లో ఎంఐటీలో జే ఫారెస్టర్ అనే ఇంజనీరును జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు ఒక విషయం అడిగారు. కెంటకీలో ఇంటి సామాన్లు తయారుచేసే తమ ఫ్యాక్టరీల్లో కొన్నాళ్లు రాత్రింబగళ్లు షిఫ్టులు నడుస్తాయి, కొన్నాళ్లకు సగంమందిని ఇంటికి పంపాల్సి వస్తుంది, ఎందుకు? జనం ఫ్రిజ్‌లు కొనడంలో అంత తేడా లేదు. ఫారెస్టర్ పెన్సిలూ నోటుబుక్కూ తీసుకుని వారం వారం ఆర్డర్ల లెక్క వేసి చూశాడు. బయట గిరాకీ నిలకడగా ఉన్నా, లోపల ఒకరికొకరు పెట్టుకునే ఆర్డర్లే ఊగిసలాట పుట్టిస్తాయని తేలింది. దశాబ్దాల తర్వాత ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పసిపిల్లల డైపర్లలో అదే చూసింది. పిల్లలు ప్రతి వారం ఇంచుమించు అన్నే డైపర్లు తడుపుతారు. కొట్లలో అమ్మకాలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్లు పెట్టే ఆర్డర్లలో ఊపు ఎక్కువ. కంపెనీ తన ముడిసరుకుకు పెట్టే ఆర్డర్లలో ఇంకా ఎక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో హావ్ లీ బృందం 1997లో దీనికి కారణాలు నాలుగు చెప్పింది. ఎవరికి వాళ్లు అంచనా సవరించుకోవడం, ఆర్డర్లను కూడబెట్టి ఒక్కసారి పెట్టడం, ధర తగ్గినప్పుడు ఎగబడడం, కొరత వస్తుందన్న భయంతో అవసరాన్ని మించి అడగడం. ఈ ఊగిసలాటకు బుల్‌విప్ ఎఫెక్ట్ అని పేరు.

నాలుగో కారణం తెలుగు రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం సహకార సొసైటీల ముందు చెప్పులూ పట్టాపాసుపుస్తకాలూ వరసలో పెట్టి రైతులు కాపలా కాశారు. సరఫరా తగ్గింది నిజమే. కానీ కొరత అన్న మాట చెవిన పడ్డాక రెండు బస్తాలు చాలేవాడు నాలుగింటికి నిలబడతాడు, వచ్చే నెల అవసరాన్ని ఈరోజే కొనుక్కుంటాడు. అతణ్ని తప్పుపట్టడానికి లేదు. వరిపైరుకు అదును దాటితే ఏ బస్తా వచ్చినా ప్రయోజనం లేదు. అయితే ఆ వరసను చూసి అసలు అవసరమెంతో లెక్క కట్టడం ఏ అధికారికీ సాధ్యం కాదు.

ఈ ఊగిసలాటకు మందు ఏమిటన్నదాని మీద పెద్ద తగాదా లేదు. చివరి కొనుగోలు లెక్క గొలుసులో అందరికీ ఒకేసారి కనపడాలి. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, వాల్‌మార్ట్ 1980ల చివరి నుంచి అమ్మకాల లెక్కలు పంచుకోవడం మొదలుపెట్టాయి. టొయోటా ఇంకో దారి పట్టింది. అమెరికా సూపర్ మార్కెట్లలో ఖాళీ అయిన అరను మాత్రమే నింపుతారన్న సంగతి తైచి ఓనోకు నచ్చింది. దాన్ని ఆయన కార్ల ఫ్యాక్టరీలోకి తెచ్చారు. ముందు మెట్టు వాడినంతే వెనక మెట్టు తయారుచేయాలి. ఆ సంగతి చెప్పే కార్డు కాన్‌బాన్. ఊహ తగ్గింది, నిల్వ గంటల్లోకి దిగింది. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ అనే సరఫరాదారు ఫ్యాక్టరీ తగలబడినప్పుడు దాని వెల తెలిసింది. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు అక్కడే తయారయ్యేది. కొన్ని గంటల నిల్వ అయిపోగానే జపాన్‌లో టొయోటా ఫ్యాక్టరీలు వరసగా ఆగిపోయాయి. పదుల సంఖ్యలో ఇతర కంపెనీలు తమ మిషన్ల మీద ఆ వాల్వులు చేసి ఇస్తే, వారం లోపే మళ్లీ కదిలాయి. 2011 భూకంపం తర్వాత టొయోటా మరో అడుగు వెనక్కి వేసింది. చిప్పుల్లాంటి కొన్ని భాగాలకు రెండు నుంచి ఆరు నెలల నిల్వ పెట్టమని సరఫరాదారులను కోరింది. 2020–21లో చిప్పులు దొరక్క ప్రపంచంలోని కార్ల కంపెనీలు గగ్గోలు పెట్టినప్పుడు, మొదట్లో టొయోటా మిగతావారికన్నా నిబ్బరంగా ఉండగలిగింది అందుకే. నిల్వను శత్రువుగా చూసిన కంపెనీ, కావాలని కొంత నిల్వను దాచుకుంది.

కానీ నిల్వ పెట్టడానికీ, గీత జరపడానికీ వీలే లేని వ్యాపారాలున్నాయి. గేదె ఆర్డర్ చూసి పాలివ్వదు. అయినా శీతాకాలంలో పాలు పొంగితే డెయిరీ వాటిని పొడి కొట్టో వెన్న తీసో ఎండాకాలానికి దాచుకోవచ్చు. రొయ్యకు ఆ వెసులుబాటు కూడా చెరువు గట్టు మీద లేదు.

భీమవరం, నెల్లూరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే వనామి రొయ్య ప్రయాణం వింతైనది. 2009లో మన దేశంలోకి అనుమతించిన ఈ రకానికి తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి. తీరం వెంబడి హేచరీల్లో అవి పెట్టే గుడ్ల నుంచి పిల్లలు, అంటే సీడ్, తయారవుతాయి. రైతు ఆ సీడ్ కొని చెరువులో వేస్తాడు. మేత వేస్తూ, రాత్రంతా నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతూ, తెల్లమచ్చ రోగం రాకూడదని మొక్కుకుంటూ పెంచుతాడు. కిలోకు వంద తూగే వంద కౌంట్ సైజుకు రెండు నెలలు దాటుతుంది. ముప్పై కౌంట్ కావాలంటే నాలుగు నెలలు అటూ ఇటూ పడుతుంది. పట్టుబడి అయ్యాక రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటుకు పోతుంది, తల తీయించుకుని గడ్డకట్టి, కంటైనర్ ఎక్కుతుంది. అందులో పెద్ద వాటా చాలా ఏళ్లుగా తిరిగి అమెరికాకే చేరుతోంది.

ఈ గొలుసులో గీత ఎక్కడుంది? అమెరికా కొట్టు ఆర్డర్ ఎగుమతిదారుకు అందుతుంది. ఎగుమతిదారు దాన్ని చూసి ఏ సైజు, ఏ ప్యాకింగ్ అన్నది తేల్చుకుంటాడు. చెరువులో ఉన్నది మాత్రం నాలుగు నెలల కిందటి ఊహ. రైతు సీడ్ వేసే రోజున ధర చెప్పేవారు లేరు. పట్టుబడి వాయిదా వేద్దామంటే రోజూ మేత ఖర్చు, కరెంటు బిల్లు, రోగం భయం. 2025 ఏప్రిల్ మొదట్లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే, సుంకం ఇంకా పూర్తిగా అమల్లోకి రాకముందే, గట్టు మీద ధరలు పడిపోయాయి. అదే ఏడాది ఆగస్టు 27న చాలావరకు భారతీయ సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల మీద అంతకుముందే ఉన్న ఇతర సుంకాలు దానికి అదనంగా పడ్డాయి. డెల్‌కు విడిభాగాలు ఇచ్చినవాళ్లు కనీసం ఒప్పందం చూసి సరుకు పేర్చారు. ఇక్కడ రైతు చేతిలో ఆ కాగితం కూడా లేదు.

అప్పటినుంచి జరుగుతున్న ప్రయత్నాలన్నీ తెలియకుండానే ఈ గీత చుట్టూ తిరుగుతున్నాయి. పెద్ద కౌంట్ కోసం ఆగకుండా, చిన్న సైజులో పట్టి వేరే దేశాలకు పంపడం ఊహ కాలాన్ని తగ్గించడం. చెరువులన్నీ ఒకేసారి కాకుండా విడతలుగా సీడ్ వేయడం ఒక్క అంచనా మీద ఇల్లంతా పెట్టకపోవడం. దేశంలో రొయ్యలు తినేవాళ్లను పెంచాలన్న మాట కొనుగోలుదారును దగ్గరికి తెచ్చుకోవడం. హైదరాబాద్, బెంగళూరు మార్కెట్లలో ధర పడితే రెండు రోజుల్లో గట్టుకు కబురొస్తుంది. అమెరికా కొట్టులో అరలు నిండిపోయాయన్న సంగతి గట్టుకు చేరడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. వీటన్నిటికన్నా గట్టి మార్పు, సీడ్ వేసే ముందే కొనుగోలుదారు కనీస ధర రాసివ్వడం. కోళ్ల పెంపకంలో కంపెనీలే పిల్లలూ మేతా ఇచ్చి, పెంచినందుకు కిలోకు ఇంతని కూలి కట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అక్కడ ఊహ తప్పి మార్కెట్ ధర పడితే నష్టం చాలావరకు కంపెనీది. రైతుకు వచ్చేదీ పరిమితమే. రొయ్యల్లో అలాంటి ఒప్పందం కుదరాలంటే ఎగుమతిదారు కొంత నష్టభయం నెత్తిన వేసుకోవాలి, ధర పెరిగిన ఏడాది రైతు కొంత లాభం వదులుకోవాలి. ధర బాగున్నప్పుడు రైతుకు ఆ మాట రుచించదు, బాగోలేనప్పుడు ఎగుమతిదారుకు రుచించదు. అందుకే బేరం ఇప్పటికీ ఎక్కువగా పట్టుబడి రోజునే, చెరువు గట్టు మీద, కౌంట్ చూసి జరుగుతోంది.